అదనపు హార్డ్‌డిస్కు తగిలించాక కంప్యూటర్ ఆన్ కాకపోతే ఏం చేయాలి?

పెళ్ళిళ్ల ముహూర్తాలు మొదలయ్యాయంటే అమలాపురం, పాలకొల్లు, భీమవరం ఫోటో స్టూడియోల కంప్యూటర్లలో చోటు చాలదు. ఒక్కో పెళ్ళి వీడియోలు, ఫోటోలు కలిపి వందల జీబీలు ఆక్రమిస్తాయి కనుక, ఉన్న డిస్కుకు తోడు మరొకటి కొని తగిలించడం మామూలే. ధాన్యం మిల్లు పాత లెక్కలున్న డిస్కును కొత్త కంప్యూటరులోకి మార్చుకొనేవారు, పాడైన కంప్యూటర్ నుంచి డిస్కు ఊడదీసి అందులోని ఫైళ్ళ కోసం వేరే దానికి తగిలించేవారు కూడా తక్కువేమీ కాదు. అంతవరకు చక్కగా నడిచిన కంప్యూటర్ ఆ తరువాత మొరాయిస్తే, మదర్‌బోర్డు పోయిందనో, విండోస్ మళ్ళీ ఎక్కించాలనో ఎవరో ఒకరు తేల్చేస్తారు. ఆ రెండు మాటలనూ వెంటనే నమ్మవద్దు. డిస్కుకు వచ్చే తీగలు రెండే: ఒకటి కరెంటుది, రెండవది డేటాది. ఆ రెండింటినీ విడివిడిగా తగిలించి చూస్తే లోపం ఎటువైపు ఉందో ఎక్కువసార్లు అక్కడికక్కడే తెలిసిపోతుంది. డబ్బు ఖర్చు పెట్టవలసిన ప్రశ్న ఆ తరువాతనే వస్తుంది.

ఏ దశలో ఆగుతోంది?

స్విచ్ నొక్కినప్పుడు ఫ్యాను అసలు తిరగకపోయినా, ఒక్క కుదుపుతో కదిలి ఆగిపోయినా అది కరెంటు సమస్య. ఫ్యాన్లు తిరిగి, తెర మీద కంపెనీ లోగో వచ్చి అక్కడే నిలిచిపోతే, డిస్కును గుర్తించే పని దగ్గర చిక్కు వచ్చిందన్నమాట. నల్లని తెర మీద ‘రీబూట్ అండ్ సెలెక్ట్ ప్రాపర్ బూట్ డివైస్’ అనో ‘నో బూటబుల్ డివైస్’ అనో తెల్ల అక్షరాలు కనిపిస్తే, చాలావరకు ఏ భాగమూ చెడిపోలేదు. ఏ డిస్కు నుంచి మొదలుపెట్టాలో కంప్యూటరుకు తెలియడం లేదు, అంతే. విండోస్ గుర్తు వచ్చి చుక్కలు గంటల తరబడి తిరుగుతుంటే, అది కొత్తగా తగిలించిన డిస్కును చదవలేక అవస్థ పడుతూ ఉండవచ్చు. బాగుచేసేవారికి ఫోన్ చేసినా మొదట చెప్పవలసిన సంగతి ఇదే. ‘కంప్యూటర్ రావడం లేదు’ అన్న మాటతో ఎవరూ ఏమీ తేల్చలేరు.

చేయి పెట్టే ముందు

విండోస్ ఇంకా తెరుచుకొనే స్థితిలో ఉంటే, షిఫ్ట్ కీ నొక్కి పట్టుకొని షట్‌డౌన్ చేయండి. విండోస్ 8 నుంచి మామూలు షట్‌డౌన్ పూర్తి షట్‌డౌన్ కాదు. మరుసటిసారి త్వరగా తెరుచుకోవడానికి కొంత సమాచారాన్ని డిస్కులో దాచుకొని పడుకుంటుంది. ఆ స్థితిలో డిస్కులు మార్చితే ఫైళ్ళు దెబ్బతినే అవకాశం ఉంది. అలాగే బిట్‌లాకర్ (డిస్కుకు తాళం వేసే విండోస్ ఏర్పాటు) ఉన్న కంప్యూటర్ అయితే 48 అంకెల రికవరీ కీని ముందే కాగితం మీద రాసి పెట్టుకోవాలి, ఎందుకంటే బయాస్‌లో, అంటే విండోస్ కంటే ముందు నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రాములో, ఒక్క అమరిక మారినా అది ఆ కీని అడగవచ్చు.

తరువాత ప్లగ్గును గోడ నుంచి పూర్తిగా తీసేయాలి. గోడ స్విచ్ ఆపితే సరిపోతుందనుకోవద్దు. మన వైపు చాలా పాత ఇళ్ళలో, షాపుల్లో ప్లగ్గు మూడో పిన్నుకు ఎర్తింగ్ ఉండదు. అందుకే క్యాబినెట్ రేకు అంచు తాకితే వేలికి చురుక్కుమంటుంది. కంప్యూటరుకు కరెంటు అందించే డబ్బా, అంటే ఎస్‌ఎమ్‌పీఎస్, లోపల వడపోత కోసం పెట్టిన కెపాసిటర్లు కరెంటు తీగలు రెండింటినీ రేకు పెట్టెతో కలుపుతాయి. ఎర్త్ లేనప్పుడు ఆ పెట్టె ఇంటి వోల్టేజిలో దాదాపు సగం దగ్గర నిలబడుతుంది. ప్రవాహం చాలా స్వల్పం కనుక మనిషికి చురుకు మాత్రమే తెలుస్తుంది గాని, సొంత అడాప్టర్ ఉన్న డిస్కును అలాంటి కంప్యూటరుకు తగిలించేటప్పుడు ఆ తేడా డేటా పిన్నుల గుండా దూకి పోర్టును కాల్చేయగలదు. కాబట్టి రెండింటి ప్లగ్గులూ తీసి, తీగలు కలిపి, ఆ తరువాతనే కరెంటు ఇవ్వాలి. ప్లగ్గు తీశాక కంప్యూటర్ స్విచ్‌ను కొన్ని క్షణాలు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు పోతుంది.

రెండు తీగల పరీక్ష

క్యాబినెట్ పక్క మూత తీసి, కొత్త డిస్కుకు ఉన్న రెండు తీగలనూ ఊడదీయండి. వెడల్పుగా, 15 పిన్నులతో ఉండేది కరెంటుది. ఇరుకుగా, 7 పిన్నులతో ఉండేది డేటాది. పాత డిస్కుకు ఉన్న తీగలను తాకవద్దు. ఇప్పుడు ప్లగ్గు పెట్టి ఆన్ చేయండి. మునుపటిలా తెరుచుకొంటే కంప్యూటర్ క్షేమంగా ఉన్నట్లే.

రెండూ తీసినా ఆన్ కాకపోతే, లోపం డిస్కులో కాదు, డిస్కు బిగించేటప్పుడు లోపల కదిలిన వాటిలో ఉంటుంది. ఇరుకు క్యాబినెట్‌లో మోచేయి తగిలి ర్యామ్ ఒక వైపు లేచి ఉంటుంది. మదర్‌బోర్డుకు వచ్చే 24 పిన్నుల పెద్ద ప్లగ్గుగాని, ప్రాసెసర్ పక్కన ఉండే చిన్న ప్లగ్గుగాని సగం ఊడి ఉంటుంది. ముందు స్విచ్ నుంచి వచ్చే సన్నని తీగ పిన్ను మీద నుంచి జారి ఉంటుంది. జారిపడిన స్క్రూ మదర్‌బోర్డు కింద ఇరుక్కుందేమో టార్చి వేసి చూడాలి. డిస్కుకు వేసిన స్క్రూలన్నీ లెక్కకు వచ్చాయా అని ఒకసారి సరిచూసుకోవడం మంచిది.

రెండూ తీస్తే తెరుచుకొన్నదనుకొందాం. షట్‌డౌన్ చేసి, ప్లగ్గు తీసి, ఈసారి కరెంటు తీగ ఒక్కటే డిస్కుకు తగిలించండి. డేటా తీగను పక్కన ఉంచండి. అప్పుడు ఆన్ కాకపోతే తప్పు కరెంటు వైపు ఉంది. ఆన్ అయితే, వేలి కొనను డిస్కు అంచు మీద తేలికగా ఆనించండి. లోపల డేటా దాచే పళ్ళేలు తిరుగుతుంటే సన్నని కంపనం తెలుస్తుంది. కంపనం ఉండి, కంప్యూటరూ తెరుచుకొంటే, మళ్ళీ ఆపి డేటా తీగ కూడా పెట్టండి. ఇప్పుడు లోగో దగ్గర ఆగితే లోపం డేటా వైపుది. నల్ల తెర సందేశం వస్తే బూట్ క్రమానిది, అంటే ఏ డిస్కు నుంచి మొదలుపెట్టాలో చెప్పే వరుసది. ఒకేసారి రెండు మార్పులు చేసి చూడవద్దు. ఏ మార్పు వల్ల ఏం జరిగిందో తెలియకపోతే పరీక్షంతా మొదటికి వస్తుంది.

స్విచ్ నొక్కగానే ఆగిపోతే

కరెంటు తీగ ఒక్కటి తగిలించగానే ఫ్యాను ఒక్క కుదుపుతో ఆగిపోవడం చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. నిజానికి అది ఎస్‌ఎమ్‌పీఎస్ తన పని తాను సరిగా చేస్తున్నదనడానికి గుర్తు: ఎక్కడో షార్ట్ ఉంది, అది గమనించి కరెంటు ఆపేసింది.

ఆ షార్ట్ చాలాసార్లు డిస్కు కింది పచ్చ బోర్డు మీదే ఉంటుంది. డిస్కుకు 5 వోల్టులు, 12 వోల్టులు అని రెండు కరెంటు దారులు ఉంటాయి. చాలా డిస్కులలో కరెంటు ప్లగ్గు దగ్గరే ఈ రెండు దారులకూ చెరొక రక్షణ డయోడు ఉంటుంది. వోల్టేజి హద్దు మీరి వచ్చినప్పుడు అది తాను షార్టై, ఆ దెబ్బను వెనక ఉన్న చిప్పుల మీద పడనీయదు. అలా ఒకసారి షార్టైన డయోడు మళ్ళీ మామూలు కాదు. డిస్కును ఏ కంప్యూటరుకు తగిలించినా అది ఆగిపోతుంది. మల్టీమీటర్ ఉన్నవారు డిస్కును బయటకు తీసి దీన్ని సరిచూడవచ్చు. కరెంటు ప్లగ్గు పిన్నులలో 4 నుంచి 6 వరకు గ్రౌండ్, 7 నుంచి 9 వరకు 5 వోల్టులు, 13 నుంచి 15 వరకు 12 వోల్టులు. గ్రౌండ్ పిన్నుకు, 5 లేదా 12 వోల్టుల పిన్నుకు నడుమ మీటర్ దాదాపు సున్నా ఓములు చూపితే ఆ దారి షార్టైందన్నమాట.

ఇది విని నిరాశ పడనవసరం లేదు. చెడింది డయోడు ఒక్కటే అయితే పళ్ళేల మీది పెళ్ళి ఫోటోలకు, మిల్లు లెక్కలకు ఏమీ కాలేదు. చిప్పు స్థాయి పని చేతనైన మెకానిక్ ఆ డయోడును తీసేస్తే డిస్కు తిరిగి నడిచే అవకాశం ఉంది. అయితే ఆ తరువాత దానికి రక్షణ ఉండదు కనుక, వెంటనే ఫైళ్ళు కాపీ చేసుకొని ఆ డిస్కును పక్కన పెట్టేయాలి. అదే నమూనా డిస్కు బోర్డు తెచ్చి మార్చేస్తే సరిపోతుందని కొందరు చెబుతారు. ఇప్పటి డిస్కులలో ఆ డిస్కుకే ప్రత్యేకమైన సమాచారం బోర్డు మీది చిప్పులో ఉంటుంది. దాన్ని మార్చకుండా బోర్డు ఒక్కటే మార్చితే చాలావరకు పని జరగదు.

డయోడు అసలెందుకు కాలిందన్నది కూడా ఆలోచించాలి. తీగలు విడిగా ఊడివచ్చే రకం ఎస్‌ఎమ్‌పీఎస్‌లలో, ఒక కంపెనీ తీగను మరో కంపెనీ డబ్బాకు పెట్టడం దీనికి పెద్ద కారణం. ప్లగ్గు ఆకారం సరిపోయినా లోపలి పిన్నుల వరుస వేరు. 5 వోల్టులు వెళ్ళవలసిన చోటికి 12 వోల్టులు వెళతాయి. పాత డబ్బాలో మిగిలిన తీగ కొత్త దానికి ఎప్పుడూ వాడవద్దు. నాలుగు పిన్నుల పాత ప్లగ్గు నుంచి సాటా ప్లగ్గుగా (ఇప్పటి డిస్కులకు ఉండే 15 పిన్నులదిగా) మార్చే చవక తీగల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ప్లాస్టిక్ కరిగించి ఒకే ముద్దగా పోసిన రకంలో తీగలు లోపల దగ్గరై షార్టై, కాలిన సందర్భాలు ఉన్నాయి. ప్లగ్గు తెల్లదైతే గోధుమ రంగుకు తిరిగిందా, వాసన వస్తోందా అని చూడండి.

డిస్కు బోర్డు క్యాబినెట్ రేకుకు తగలడం వల్ల కూడా ఇదే జరుగుతుంది. చోటు లేదని డిస్కును స్క్రూలు లేకుండా క్యాబినెట్ అడుగున బోర్డు కిందికి వచ్చేలా పడుకోబెట్టే అలవాటు మానుకోవాలి. అంతర్వేది, నరసాపురం వైపు సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో రేకు మీద ఉప్పు తేమ, దాని మీద దుమ్ము పేరుకొని ఉంటాయి. అక్కడ ఈ అజాగ్రత్తకు మూల్యం ఇంకా ఎక్కువ.

షార్ట్ లేకున్నా కంప్యూటర్ ఆన్ అయి, డిస్కు తిరగబోయే క్షణంలో రీస్టార్ట్ అవుతుంటే ఎస్‌ఎమ్‌పీఎస్ బలహీనపడిందని అనుమానించాలి. పెద్ద సైజు డిస్కు, అంటే 3.5 అంగుళాలది, నడిచేటప్పుడు కొద్ది వాట్లతో సరిపెట్టుకొన్నా, ఆగి ఉన్న పళ్ళేలను తిప్పే మొదటి క్షణాల్లో 12 వోల్టుల దారి నుంచి సుమారు 2 ఆంపియర్లు లాగుతుంది. పొలంలో మోటారు వేసినప్పుడు ఇంట్లో బల్బు ఒక్క క్షణం మసకబారినట్లే, పాతబడిన ఎస్‌ఎమ్‌పీఎస్ ఆ క్షణంలో వోల్టేజి నిలబెట్టలేదు. డబ్బా మీద 450 వాట్లని పెద్ద అక్షరాలతో ఉన్నా, పక్కనున్న పట్టికలో 12 వోల్టులకు ఎన్ని ఆంపియర్లు రాశారో చూడండి; అసలు బలం అదే. డీవీడీ డ్రైవ్ తీగ తీసేసి చూస్తే ఆన్ అవుతుంటే అనుమానం బలపడుతుంది. చెరువుల నీటికి గాలి ఆడించే ఏరియేటర్లు వరుసగా తిరిగే రాత్రి వేళల్లో వోల్టేజి పడిపోయే ఊళ్ళలో, పగలు ఆన్ అయి రాత్రి మొరాయించే కంప్యూటరును స్టెబిలైజర్ మీద పెట్టి చూసిన తరువాతనే ఎస్‌ఎమ్‌పీఎస్ మార్చాలి.

లోగో దగ్గర నిలిచిపోతే

మొదట ఓపిక పట్టండి. చెడు సెక్టార్లున్న (చదవడానికి వీలుకాకుండా కొన్ని చోట్లు పాడైన) పాత డిస్కును గుర్తించడానికి బయాస్ కొన్ని నిమిషాలు తీసుకోవచ్చు. టిక్కు టిక్కుమని ఒకే తీరులో చప్పుడు వస్తుంటే మాత్రం వెంటనే ఆపేయాలి. ఆ చప్పుడు లోపల చదివే హెడ్డు చెడిందనడానికి గుర్తు కావచ్చు, ఆన్ చేసిన ప్రతిసారీ పళ్ళేలకు మరింత హాని జరగవచ్చు.

చప్పుడు లేకపోతే డేటా తీగ మార్చండి. ధర తక్కువ, అనుమానం ఎక్కువ ఉన్న వస్తువు అదే. ఆ తరువాత మదర్‌బోర్డు మీద మరో సాటా పోర్టులో పెట్టి చూడండి. చాలా బోర్డుల మీద ఎం.2 అనే సన్నని చోటులో ఎస్‌ఎస్‌డీ, అంటే పళ్ళేలు లేని చిప్పుల డిస్కు, ఉన్నప్పుడు ఒకటి రెండు సాటా పోర్టులు పనిచేయవు. ఏవో బోర్డు పుస్తకంలో రాసి ఉంటుంది. అలాంటప్పుడు కంప్యూటర్ తెరుచుకొంటుంది గాని డిస్కు కనిపించదు.

వెడల్పు పట్టీ తీగలుండే ఐడీఈ డిస్కులు పాత మిల్లులలో, ఆఫీసులలో ఇప్పటికీ కనిపిస్తాయి. వాటిలో ఒకే తీగ మీద రెండు డిస్కులుంటే వెనక చిన్న జంపరుతో ఒకదాన్ని మాస్టర్‌గా, రెండవదాన్ని స్లేవ్‌గా పెట్టాలి. రెండూ మాస్టరైతే రెండూ కనిపించకపోవచ్చు. సాటా డిస్కులకు ఈ బాధ లేదు.

చాలా పాత బోర్డుకు 4 టీబీ డిస్కు తగిలించినప్పుడు కొన్ని బయాస్‌లు దాని పరిమాణాన్ని అర్థం చేసుకోలేక ఆగిపోతాయి. బోర్డు తయారీదారు కొత్త బయాస్ ఇచ్చి ఉంటే దానితో సరిపోవచ్చు. లేదంటే ఆ డిస్కును యూఎస్‌బీ పెట్టెలో పెట్టి వాడుకోవడమే నయం.

బూట్ డిస్కు దొరకలేదంటే

కంప్యూటర్ ఆన్ చేస్తూ డిలీట్ గాని, ఎఫ్2 గాని నొక్కుతూ బయాస్‌లోకి వెళ్ళండి. కొత్త డిస్కు వచ్చినప్పుడు కొన్ని బయాస్‌లు దాన్నే వరుసలో ముందుకు తెస్తాయి. అది ఖాళీ డిస్కైతే నల్ల తెర సందేశం వస్తుంది. అందులో పాత విండోస్ ఉంటే వేరే యజమాని పేరుతో పాత విండోస్ తెరుచుకొని కంగారు పెడుతుంది. బూట్ అన్న పేజీలో మీ పాత డిస్కును, కొత్త తరహా యంత్రమైతే ‘విండోస్ బూట్ మేనేజర్’ అన్న పేరును, మొదటి స్థానానికి తెచ్చి సేవ్ చేయాలి.

ఎఫ్10 నొక్కి సేవ్ చేసినా మరునాటికి మళ్ళీ అదే సందేశం వస్తే, బయాస్‌లో తేదీ చూడండి. సంవత్సరం వెనక్కి పోయి ఉంటే మదర్‌బోర్డు మీది రూపాయి బిళ్ళంత బ్యాటరీ అయిపోయింది. సీఆర్ 2032 అని అడిగితే వాచీ రిపేరు కొట్లలో కూడా ఇస్తారు. తుపాను తరువాత కరెంటు లేక రోజుల తరబడి కంప్యూటర్ మూలన పడి ఉన్నప్పుడు, అప్పటికే బలహీనంగా ఉన్న ఈ బ్యాటరీ పూర్తిగా దిగిపోతుంది, ఎందుకంటే ప్లగ్గులో కరెంటు ఉన్నంతకాలం దాని మీద భారం తక్కువ. బ్యాటరీ మార్చాక బూట్ వరుసతో పాటు సాటా మోడ్ (బోర్డు డిస్కుతో మాట్లాడే పద్ధతి) కూడా సరిచూసుకోవాలి. విండోస్ ఎక్కించినప్పుడు ఏహెచ్‌సీఐ ఉంటే ఏహెచ్‌సీఐ, రెయిడ్ ఉంటే రెయిడ్ ఉండాలి. అది మారితే నీలి తెర మీద ‘ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్’ అని వస్తుంది. అది చూసి విండోస్ మళ్ళీ ఎక్కించవద్దు, మోడ్ వెనక్కి మార్చితే చాలు.

పాత డిస్కును ఎస్‌ఎస్‌డీలోకి క్లోన్ చేసి (ఉన్నదున్నట్లు నకలు తీసి) రెండూ లోపలే ఉంచేవారికి మరో చిక్కు ఉంది. రెండింటికీ ఒకే గుర్తింపు సంఖ్య ఉంటుంది కనుక విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్‌లో పెడుతుంది, లేదా మీరు ఎస్‌ఎస్‌డీ నుంచి అనుకొంటుండగా కంప్యూటర్ పాత దాని నుంచే తెరుచుకొంటుంది. క్లోన్ చేశాక మొదటిసారి ఎస్‌ఎస్‌డీ ఒక్కటే ఉంచి ఆన్ చేయాలి.

యూఎస్‌బీ డిస్కు అయితే పెన్‌డ్రైవ్‌లతో సహా అన్నీ తీసి ఆన్ చేసి, విండోస్ వచ్చాక తగిలించండి. శాశ్వతంగా ఉంచాలనుకొంటే బయాస్‌లో యూఎస్‌బీ బూట్‌ను ఆపేయాలి. చిన్న డిస్కులకు పాత యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చే 500 మిల్లీ ఆంపియర్లు చాలకపోవచ్చు. నీలి రంగు 3.0 పోర్టు 900 ఇస్తుంది.

తెరుచుకొన్న తరువాత

విండోస్ వచ్చాక ‘ఫార్మాట్ చేయాలా’ అని అడిగితే, పాత ఫైళ్ళున్న డిస్కుకు ఎట్టి పరిస్థితుల్లోనూ ఒప్పుకోవద్దు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ‘ఇనీషియలైజ్’ అని అడిగినా అంతే. ఖాళీగా కొన్న కొత్త డిస్కుకైతే డిస్కు భాగాల పట్టిక రాసే రెండు పద్ధతులలో జీపీటీ ఎంచుకోండి, ఎందుకంటే పాత పద్ధతి ఎంబీఆర్ పెడితే 4 టీబీ డిస్కులో 2,048 జీబీ మాత్రమే వాడుకోగలుగుతారు. ‘స్కానింగ్ అండ్ రిపేరింగ్’ అని తనంతట తాను మొదలైతే, చెడిపోతున్న డిస్కు మీద ఆ పని నడవనీయకండి. ముఖ్యమైన ఫైళ్ళు కాపీ చేసుకోవడం ముందు, బాగుచేయడం తరువాత.

వరదలో మునిగిన కంప్యూటర్ నుంచి తీసిన డిస్కుకు ఈ పరీక్షలేవీ చేయవద్దు. జూలై, ఆగస్టుల్లో గోదావరి పొంగి లంక గ్రామాల్లోకి నీరు వచ్చినప్పుడు, పైకి ఆరినట్లు కనిపించిన డిస్కును ఆత్రంగా మరో కంప్యూటరుకు తగిలిస్తారు. చాలా డిస్కుల మూతకు గాలి ఆడేందుకు చిన్న రంధ్రం ఉంటుంది. దాని గుండా నీరు, దానితో బురద లోపలికి వెళ్ళి ఉంటే, పళ్ళేలు తిరిగిన మరుక్షణమే గీతలు పడతాయి. ఎండలో పెట్టకండి, హెయిర్ డ్రయ్యర్ పట్టకండి, మూత విప్పకండి. ప్లాస్టిక్ సంచిలో మూసి, ‘నీట మునిగింది, ఆన్ చేయలేదు’ అని కాగితం రాసి అంటించి, శుభ్రమైన గదిలో డిస్కు తెరిచి పనిచేసే డేటా రికవరీ కేంద్రానికి పంపండి. అక్కడ ఇచ్చే రసీదు మీద ఫార్మాట్ చేయరాదని, పాత డిస్కును తిరిగి ఇవ్వాలని రాయించుకోండి.